రీఫ్ ట్యాంకుకి ఏ ఎల్ఈడీ లైటు కొనాలి? 40 గాలన్ల తొట్టి మీద నా పోలిక

మా రీఫ్ ట్యాంకులోకి, అంటే ఉప్పునీళ్లలో ప్రాణమున్న పగడాలు (కోరల్స్) పెంచే తొట్టిలోకి, మొదటి హ్యామర్ కోరల్ తెచ్చినప్పుడు దాని కొనలు లేత ఆకుపచ్చగా, చిన్న చిన్న సుత్తి తలల్లా ఉబ్బి, నీటి కదలికకి మెల్లగా ఊగుతుండేవి. పది రోజులు తిరిగేసరికి ఆ తలలు సగానికి ముడుచుకున్నాయి. ఆకుపచ్చ పోయి ఒళ్లంతా గాజులా పాలిపోయింది, లోపలి తెల్లటి అస్థిపంజరం పైకి కనిపిస్తోంది. నీళ్లు పరీక్షించాను. ఉప్పు శాతం, కాల్షియం, ఆల్కలినిటీ, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. తేడా నీళ్లలో లేదు, తొట్టి మీద వేలాడుతున్న లైటులో ఉంది.

అది ఆన్‌లైన్లో కొన్న చవక ఎల్ఈడీ. హాబీలో ఉన్నవాళ్లు బ్లాక్ బాక్స్ అంటారే, ఆ రకం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 165 వాట్లు అని ఉంది. ఎంతలో పెట్టాలని అడిగితే "ఫుల్‌లో పెట్టుకోండి, ఏం కాదు" అని అమ్మినవాళ్లు జవాబిచ్చారు. నేను అలాగే పెట్టాను.

మేముండేది డాలస్ దగ్గర. మా ఇంట్లో ఉన్నది 40 బ్రీడర్ అనే తొట్టి. 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 16 లోతు, అంటే సుమారు 150 లీటర్ల నీళ్లు. రీఫ్ మొదలుపెట్టేవాళ్లకి ఈ కొలత బాగా అనువుగా ఉంటుంది. ఎక్కువ లోతు ఉండదు, చెయ్యి అడుగుదాకా అందుతుంది, రాళ్లు పేర్చుకోవడానికి వెడల్పు ఉంటుంది. అందుకే ఈ పోలిక మొత్తం ఈ తొట్టిని ముందు పెట్టుకునే రాస్తున్నాను. మీది ఇంకో కొలత అయితే లెక్కలు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే.

నా మాట ముందే చెప్పేస్తాను. లైటు బలాన్ని చూసి కొనకండి, వెలుగు తొట్టంతా ఎంత సమంగా పడుతుందో చూసి కొనండి. మూడడుగుల తొట్టికి ఒక పెద్ద లైటు కన్నా రెండు చిన్న లైట్లు నయం.

వాట్లు కాదు, పార్ చూడాలి

కోరల్ ఒంట్లో కంటికి కనిపించని నాచు కణాలు కాపురం ఉంటాయి. వాటిని జూజాంథెల్లే అంటారు. వెలుగు తీసుకుని చక్కెర తయారు చేసేది అవే. కోరల్ తినే తిండిలో ఎక్కువ భాగం వాటి దగ్గర్నుంచే వస్తుంది. వెలుగు చాలకపోతే కోరల్ నెమ్మదిగా, వారాల తరబడి నీరసిస్తుంది. అతిగా పడితే మాత్రం ఆ కణాల్లో హాని చేసే ఆక్సిజన్ పేరుకుపోతుంది, కోరల్ వాటిని బయటికి తోసేస్తుంది. నా హ్యామర్ పాలిపోయింది అందుకే. వెలుగు తక్కువైతే సరిదిద్దుకోవడానికి టైమ్ ఉంటుంది. ఎక్కువైతే ఒక్కోసారి ఒక్క వారం కూడా ఉండదు.

సముద్రం నీరు ఎరుపుని పైపైనే మింగేస్తుంది. లోతుకి దిగేది నీలం. జూజాంథెల్లే బాగా వాడుకునేది కూడా ఆ నీలాన్నే, ముఖ్యంగా 430 నుంచి 480 నానోమీటర్ల మధ్య ఉన్నదాన్ని. రీఫ్ లైట్లన్నీ నీలంగా ఉండేది అందుకే. మొక్కల ట్యాంకుకి అమ్మే 6500 కెల్విన్ తెల్ల లైటు తెచ్చి కోరల్ మీద పెడితే కోరల్ కన్నా ముందు గాజు మీద నాచు పెరుగుతుంది.

ఇక పార్ సంగతి. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే, కిరణజన్య సంయోగక్రియకి పనికొచ్చే వెలుగు ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎంత పడుతోందో చెప్పే కొలత అది. వాట్లు కరెంటు బిల్లుకి లెక్క, ల్యూమెన్లు మన కంటికి లెక్క, పార్ కోరల్‌కి లెక్క. మష్రూమ్, జోవాంథిడ్, లెదర్ లాంటి మెత్తటి కోరల్స్‌కి 50 నుంచి 120 దాకా చాలు. హ్యామర్, టార్చ్, ఫ్రాగ్‌స్పాన్, అంటే ఎల్‌పీఎస్ రకాలు (పెద్ద పాలిప్‌లుండే గట్టి కోరల్స్, పాలిప్ అంటే కోరల్‌లోని ఒక్కో ప్రాణి) 75 నుంచి 150 మధ్య హాయిగా ఉంటాయి. అక్రోపోరా, మాంటిపోరా లాంటి ఎస్‌పీఎస్ రకాలకి (చిన్న పాలిప్‌లుండే గట్టి కోరల్స్‌కి) 200 నుంచి 350 కావాలి. ఇవి గీత గీసినట్టు ఉండే హద్దులు కావు, అలవాటు చేస్తే కోరల్ కొంత అటూ ఇటూ సర్దుకుంటుంది. కానీ 120 చాలిన ప్రాణి మీద 400 పడితే సర్దుకోవడానికి ఏమీ మిగలదు.

ఆ రాత్రి కొలిచిన అంకెలు

హ్యామర్ పాలిపోయాక ఒక ఫ్రెండ్ దగ్గర అపోజీ ఎంక్యూ-510 మీటర్ అడిగి తెచ్చుకున్నాను. నీళ్లలో ముంచి కొలిచేది. పాత మోడళ్లు ఎల్ఈడీ నీలాన్ని తక్కువ చేసి చూపిస్తాయి, ఇది ఆ లోపం లేకుండా చేసింది. సొంతంగా కొనాలంటే ఖరీదే, కానీ ఇక్కడి అక్వేరియం క్లబ్బులు కొన్ని సభ్యులకి ఇస్తాయి, కొన్ని షాపులు అద్దెకిస్తాయి. ఒక్క రాత్రికి దొరికితే చాలు. ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి కొలుద్దామనుకోకండి, అది ఈ నీలాన్ని సరిగ్గా లెక్కపెట్టలేదు.

ముందు గాజు మీద మార్కర్‌తో ఆరంగుళాలకి ఒక గీత గీశాను. సెన్సార్‌ని కర్రకి కట్టి ఒక్కో గీత దగ్గర ఇసుక మీద ఒకసారి, రాయి ఎత్తులో ఒకసారి పెట్టి, అంకె నిలబడేదాకా ఆగి కాగితం మీద రాసుకున్నాను. బ్లాక్ బాక్స్ కింద, సరిగ్గా మధ్యలో, రాతి కొప్పు మీద 430 చూపించింది. హ్యామర్ కూర్చుంది అక్కడే. అక్కణ్నుంచి పక్కకి ఒక అడుగు జరిపితే 140. మూలల్లో ఇసుక మీద 40. అంటే నా తొట్టి మధ్యలో మిట్టమధ్యాహ్నం, మూలల్లో మునిమాపు. కంటికి మాత్రం అంతా ఒకేలా వెలుగుతున్నట్టు కనిపిస్తోంది. మన కన్ను సర్దుకుపోతుంది, కోరల్ సర్దుకోదు.

ఆ కాగితం ఇప్పటికీ స్టాండు తలుపు లోపల అంటించి ఉంది. ఏ లైటు తెచ్చినా అదే గీతల దగ్గర, అదే పద్ధతిలో కొలిచి పక్కన రాస్తున్నాను.

ఒక్కో రకం ఎలా ఉంది

బ్లాక్ బాక్స్‌తో మొదలుపెడతాను. 165 వాట్లు అనే అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. లోపల 3 వాట్ల ఎల్ఈడీలు 55 ఉంటాయి, ఆ రెండూ గుణిస్తే వచ్చేది 165. నిజానికి ఈ రకం లైట్లు గోడ నుంచి లాగే కరెంటు 110 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. అలాగని బలం తక్కువేం కాదు. ఒక్కో ఎల్ఈడీ మీద వెలుగుని కిందికి కుదించే లెన్స్ ఉండటం వల్ల మధ్యలో దంచి కొడుతుంది. నీలానికి ఒక నాబ్, తెలుపుకి ఒక నాబ్, అంతే. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది. లోతైన తొట్టికి, చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకి ఇది పనికిరాదని చెప్పను. తెలుపు 10 శాతం, నీలం 30 శాతంలో పెట్టి, నీటికి 12 అంగుళాలకి తక్కువ కాకుండా పైకి వేలాడదీస్తే దీని కింద కోరల్ పెరుగుతుంది. నాది లైటు లోపం కన్నా వాడకం లోపం. కానీ 16 అంగుళాల లోతున్న తొట్టికి అంత కుదించిన వెలుగు అక్కర్లేదు.

తర్వాత తెచ్చినవి ఆక్వా ఇల్యూమినేషన్ (ఏఐ) కంపెనీ ప్రైమ్ 16హెచ్‌డీ లైట్లు రెండు. ఒక్కోటి అరచేతిలో పట్టేంత ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ 59 వాట్లు వాడుతుంది. ఒక్కటి రెండడుగుల చదరానికి సరిపోతుందని కంపెనీ చెబుతుంది. మెత్తటి కోరల్స్ వరకు అది నిజమే. మూడడుగుల తొట్టికి ఒక్కటి చాలదు, రెండు కావాలి. రెండింటినీ చివరల నుంచి తొమ్మిదేసి అంగుళాలు లోపలికి, నీటికి పదంగుళాల ఎత్తున పెట్టి 60 శాతంలో నడిపితే రాతి కొప్పు మీద 190, పక్క రాళ్ల మీద 150 నుంచి 170, ఇసుక మీద 80 నుంచి 110, మూలల్లో 65 వచ్చాయి. పాత కాగితంలో 430కీ 40కీ ఉన్న దూరం ఇక్కడ 190కీ 65కీ తగ్గింది. ఈ ఒక్క తేడా కోసమే నేను వీటివైపు మొగ్గాను. ఇంకో లాభం కూడా ఉంది. ఒక లైటు చెడిపోతే రెండోది ఉంటుంది, కోరల్స్ చీకట్లో పడవు. రంగులన్నీ ఫోన్‌లో యాప్ నుంచి విడివిడిగా మార్చుకోవచ్చు. అలా మార్చుకోగలగడం కొత్తవాళ్లకి మంచిది కాదనే నా అభిప్రాయం, దాని సంగతి కింద చెబుతాను.

కెసిల్ ఏ160డబ్ల్యూఈ అందంలో వీటన్నిటినీ మించింది. 40 వాట్ల చిన్న డబ్బా. ఎల్ఈడీలన్నీ ఒకే చోట దట్టంగా కూర్చి ఉండటం వల్ల వెలుగు ఒకే బిందువు నుంచి వచ్చినట్టుంటుంది. అందుకే ఇసుక మీద అలల నీడలు చెరువు గట్టున ఎండలో చూసినట్టు ఆడతాయి. దూరందూరంగా ఎల్ఈడీలు పెట్టిన లైట్ల కింద ఎరుపు ఒక చోట, ఆకుపచ్చ ఒక చోట విడిపోయి డిస్కోలా కనిపించే ఇబ్బంది దీనికి లేదు. నాబ్‌లు రెండే, ఒకటి రంగుకి, ఒకటి బలానికి. సూర్యోదయం, సూర్యాస్తమయం కావాలంటే కంట్రోలర్ విడిగా కొనాలి. ఎస్‌పీఎస్ మీద మనసున్నవాళ్లకి 40 వాట్లు చాలవు, వాళ్లు 90 వాట్ల ఏ360ఎక్స్ చూసుకోవాలి.

రెడ్ సీ రీఫ్‌ఎల్ఈడీ 90 గురించి రెండు మాటలు. 90 వాట్లు, రంగులు కలిపే పని కంపెనీయే చేసిపెట్టింది, మన చేతిలో ఉండేవి నీలం, తెలుపు మాత్రమే. మొదటి తొట్టి పెట్టేవాళ్లకి నేను దీన్ని ధైర్యంగా చెప్తాను, ఎందుకంటే పాడు చేయడానికి అందులో ఎక్కువ అవకాశం లేదు.

రేడియాన్ ఎక్స్ఆర్15 మంచి లైటు, అందులో అనుమానం లేదు. వెలుగుని చెదరగొట్టే తెర, బలం, యాప్, తయారీ నాణ్యత, అన్నీ బాగుంటాయి. ఒక్కోటి ప్రైమ్ ధరకి దాదాపు రెట్టింపు ఉంటుంది, మూడడుగుల తొట్టికి ఇదీ రెండు కావాలి. డబ్బుకి చూసుకుని ఒక్కటే కొని మధ్యలో వేలాడదీస్తే మళ్లీ బ్లాక్ బాక్స్ కథే. మధ్యలో మంట, మూలల్లో చీకటి. రెండు రేడియాన్లు కొనగలిగితే కొనండి, కొనలేకపోతే ఒక రేడియాన్ కన్నా రెండు ప్రైమ్‌లు మేలు. ఈ మాట మీద నేను గట్టిగా నిలబడతాను.

ఎల్ఈడీ కాకపోయినా టీ5 అనే సన్నటి ఫ్లోరోసెంట్ ట్యూబుల పేరు ఎత్తకుండా ఈ పోలిక పూర్తికాదు. మూడడుగుల తొట్టి మీద 39 వాట్ల ట్యూబులు నాలుగు పెడితే నీడ అనేది దాదాపు ఉండదు. అక్రోపోరా కొమ్మలు పెద్దవైతే పైకొమ్మల నీడలో కిందికొమ్మలు చచ్చిపోవడం ఎల్ఈడీ కింద మామూలు సమస్య, ట్యూబుల కింద అది చాలా తక్కువ. కానీ ఏడాదికోసారి నాలుగు ట్యూబులూ మార్చాలి, వేడి ఎక్కువ, టెక్సాస్ ఎండాకాలంలో నీటి ఉష్ణోగ్రతతో టెన్షన్ పడాలి. పైగా ట్యూబులు దొరకడం ఏటికేడాది తగ్గుతోంది. అక్రోపోరా తోట పెంచాలనుకునేవాళ్లు మధ్యలో ఎల్ఈడీలు, రెండు పక్కల రెండు ట్యూబులు లేదా పొడవాటి ఎల్ఈడీ బార్లు పెట్టే కలగలుపు పద్ధతి ఆలోచించండి. మిగతావాళ్లకి అక్కర్లేదు.

మీ తొట్టికి ఏది

ముందు కోరల్స్ జాబితా రాసుకోండి, తర్వాత లైటు చూడండి. చాలామంది లైటు కొన్నాక దానికి తగ్గ కోరల్స్ వెతుకుతారు. మెత్తటి కోరల్స్, ఒకటి రెండు ఎల్‌పీఎస్ అయితే రెండు కెసిల్ ఏ160లు లేదా రెండు ప్రైమ్‌లు, ఏవైనా సరే. అన్నీ కలిపి పెంచాలంటే రెండు ప్రైమ్‌లు లేదా రెండు రీఫ్‌ఎల్ఈడీ 90లు పెట్టి, పైరాళ్ల మీద ఎస్‌పీఎస్, ఇసుక మీద ఎల్‌పీఎస్ ఉంచండి. మొత్తం ఎస్‌పీఎస్ అయితే రెండు రేడియాన్లు లేదా కలగలుపు పద్ధతి. రెండడుగుల చదరపు తొట్టి అయితే ఈ లెక్కలో సగం చాలు. అక్కడ ఒక్క లైటు కూడా సమంగానే పడుతుంది.

కరెంటు ఖర్చు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మా రెండు ప్రైమ్‌లు 60 శాతంలో సుమారు 70 వాట్లు లాగుతాయి. రోజుకి 10 గంటలైతే నెలకి 21 యూనిట్లు, యూనిట్‌కి 15 సెంట్ల లెక్కన మూడు డాలర్ల పైచిలుకు. ఎల్ఈడీ బల్బు 50,000 గంటలు వస్తుందని రాస్తారు. రోజుకి 9 గంటల లెక్కన అది 15 ఏళ్లు. కానీ ముందుగా పోయేది బల్బు కాదు, ఫ్యాను, ఎల్ఈడీలకి కరెంటు అందించే డ్రైవరు. ఉప్పు తుంపర ఆరి ఫ్యాన్ రెక్కల మీద తెల్లగా పేరుకుంటుంది. నెలకోసారి ప్లగ్ తీసేసి మెత్తటి బ్రష్‌తో దులపండి. సెకండ్ హ్యాండ్ లైటు కొంటుంటే మొదట ఆ ఫ్యాన్ వైపే చూడండి.

యాప్ సంగతి చెప్తానన్నాను. ఏడెనిమిది రంగుల మీటలు చేతిలో ఉంటే రోజూ కదపాలనిపిస్తుంది. ఇవాళ ఊదా కొంచెం పెంచి, రేపు ఎరుపు తగ్గించి. కోరల్ మాత్రం ఒక మార్పుకి అలవాటు పడటానికి వారాలు తీసుకుంటుంది. నీలం, ఊదా ఎక్కువగా, తెలుపు తక్కువగా, ఎరుపు ఆకుపచ్చ నామమాత్రంగా పెట్టి మూడు నెలలు ఆ యాప్ తెరవకండి. బాగా పెంచుతున్నవాళ్ల షెడ్యూల్ ఒకటి తీసుకుని పెట్టుకున్నా చాలు, బలం మాత్రం మీ తొట్టిలో కొలిచి తగ్గించుకోండి.

మా అమ్మ ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు హాల్లో సాయంత్రమంతా ఆ నీలం వెలుగు చూసి "కళ్లు లాగుతున్నాయిరా, కాస్త మామూలు లైటు పెట్టకూడదూ" అంది. అమ్మ మాట న్యాయమే. తొట్టి ఉన్న చోట మనుషులూ ఉంటారు. అప్పట్నుంచి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తెలుపు కొంచెం పెంచి, మొత్తం బలం పెరగకుండా నీలం తగ్గించాను. చేపల అసలు రంగులు కనిపించేది ఆ రెండు గంటల్లోనే. కోరల్స్ ఏమీ అనుకోలేదు.

హైదరాబాద్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, నేనూ ఇలాంటిదే పెడదామనుకుంటున్నా, ఇక్కడ ఏ లైటు కొనమంటావ్?" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇండియాలో చదువుతున్నవాళ్లకీ చెప్తున్నాను. మన దేశంలో గట్టి కోరల్స్ అన్నీ, నల్ల కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. నేను పైన హ్యామర్, అక్రోపోరా అని రాసినవన్నీ ఆ గట్టి కోరల్స్ కిందికే వస్తాయి. ఎవరో అమ్ముతున్నారని కొనకండి. మన్నార్ సింధుశాఖలోనో అండమాన్‌లోనో ఉండాల్సినవి అవి. క్లౌన్ చేపలు, సిరామిక్ రాళ్లు పెట్టి చేపల మెరైన్ ట్యాంకు పెట్టుకో అన్నాను. దానికి పార్ లెక్కలు అక్కర్లేదు, కంటికి ఇంపుగా ఉండే మామూలు ఎల్ఈడీ బార్ చాలు. మిగిలిన డబ్బు మంచి స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురగగా తీసేసే పరికరం) మీదా, కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు మీదా పెట్టమన్నాను.

ఏ లైటు కొన్నా మొదటి రోజే అనుకున్న బలంలో పెట్టకండి. చాలా లైట్లలో బలాన్ని మెల్లమెల్లగా దానంతటదే పెంచే అక్లిమేషన్ మోడ్ అని ఉంటుంది. లేకపోతే చేత్తోనే, అనుకున్నదాంట్లో సగంతో మొదలుపెట్టి వారానికి కొంచెం చొప్పున ఆరు వారాల్లో పూర్తి బలానికి తీసుకెళ్లండి. కొత్త కోరల్‌ని ముందు ఇసుక మీదే ఉంచి, రెండు వారాల తర్వాత దాని చోటికి ఎక్కించండి. పాలిపోతుంటే కిందికి దించాలి. రంగు ముదిరి గోధుమ రంగుకి తిరుగుతూ, వెలుగు కోసం మెడ చాస్తున్నట్టు పొడుగ్గా సాగుతుంటే కొంచెం పైకి జరపాలి.

నా హ్యామర్‌ని ఆ రాత్రే రాతి కొప్పు మీద నుంచి తీసి కుడివైపు ఇసుక మీద పెట్టాను. మూడు తలల్లో, అంటే మూడు పాలిప్‌లలో, ఒకటి పోయింది, రెండు మిగిలాయి. ఆకుపచ్చ తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు అదే చోట, 95 పార్ దగ్గర, ఐదు తలలతో ఉంది.